కంచలో పిట్టలు

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, పాత బొంబాయి రోడ్డు మీద, లింగంపల్లికి చేరువలో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉన్నది. పిల్లల చదువు పనిమీద అక్కడికి వెళ్లిన తల్లిదండ్రులు మన పాఠకులలో కొందరైనా ఉంటారు. గేటు దాటి, ఆఫీసులో కాగితాలు ఇచ్చి, హాస్టలు గది చూచుకొని, సాయంత్రపు బస్సుకు తిరిగి వచ్చేస్తారు. ఆ గేటుకు, హాస్టలుకు మధ్య ఎంత లోకం ఉన్నదో చూడడానికి ఒక్కరోజు చాలదు.

మా పెద్దమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తూ క్వార్టర్సులో కాపురం ఉంటున్నది. అందువలన 2022 నుండి ఏడాదికి నాలుగైదు మార్లు, పోయినప్పుడల్లా పది పదిహేను రోజులు అక్కడ గడిపే వీలు మాకు కలిగింది. మేమిద్దరము మెదక్ వైపు పల్లెలలో బడిపంతుళ్లుగా పనిచేసి విరమించినవాళ్లము. తెల్లవారుజామున మెలకువ వస్తుంది. పట్నంలో ఆ వేళకు చేసే పనేమీ ఉండదు గనుక నడకకు బయలుదేరేవాళ్లము. అలా మొదలయిన నడకలు ఇప్పుడు మూడు నోటుబుక్కులు అయినాయి. వాటి నిండా పిట్టల సంగతులే.

ముందుగా ఆ నేల గురించి చెప్పాలి. విశ్వవిద్యాలయం 1974లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడింది. మొదట నగరం నడిబొడ్డున సరోజినీ నాయుడు గారి ఇల్లయిన గోల్డెన్ త్రెషోల్డ్‌లో తరగతులు జరిగాయి. తరువాత గచ్చిబౌలి వైపు రమారమి 2,300 ఎకరాల స్థలానికి మారింది. అప్పటికి అది ఊరికి దూరం. రాళ్లగుట్టలు, తుమ్మ, రేగు, సీతాఫలం పొదలు, ఎండాకాలం పసుపు పచ్చగా మారిపోయే గడ్డి, గుట్టల మధ్య నీటికుంటలు. ఆ రాళ్ల వయసు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. గొడుగులా నిలబడిన బండను పిల్లలు మష్రూమ్ రాక్ అంటారు. చెరువులలో ఒకటి పీకాక్ లేక్, ఇంకొకటి బఫెలో లేక్. నెమళ్ల చెరువు, బర్రెల చెరువు అనుకోవచ్చు. ఈ పేర్లు పెట్టినవారెవరో గాని, కళ్లతో చూచినదానికే పేరు పెట్టారు.

రెవెన్యూ లెక్కలలో ఆ ప్రాంతం పేరు కంచ గచ్చిబౌలి. కంచ అంటే ఏమిటో తెలంగాణ పల్లెవారికి చెప్పనక్కరలేదు. పశువుల మేతకు విడిచిపెట్టిన గడ్డినేల అది. నాగలి పెట్టరు, ఇల్లు కట్టరు. పట్నంవాళ్లు చూస్తే బీడు అంటారు. వ్యాపారి చూస్తే ఖాళీ స్థలం అంటాడు. ఆ ఖాళీ స్థలంలో ఇప్పటివరకు రెండు వందలకు పైగా రకాల పక్షులను గుర్తించారు.

పక్షులను చూడడానికి ఇంగ్లీషు నెలలకంటె మన కార్తెలే మాకు బాగా పనికివచ్చాయి. రోహిణి కార్తె చివరలో, బండలు ఇంకా పెనంలా కాలుతున్నప్పుడు, ఒక ఉదయం పొదల మీదుగా "పియూ, పియూ" అని గంట కొట్టినట్టు పిలుపు వినబడుతుంది. నలుపు తెలుపు రంగులు, తలమీద కుచ్చు, గోరింక కంటె కొంచెం పొడుగు. చాతక పక్షి అది. వాన చినుకులు తప్ప మరేమీ తాగదని మన కవులు దానికి పేరు తెచ్చారు. అది మామూలుగా గొంగళి పురుగులు తినే పిట్టే. అయితే నైరుతి గాలులతోపాటు ఆఫ్రికా నుండి సముద్రం దాటి వస్తుంది గనుక, అది కూసిన కొద్దిరోజులకు వాన పడడం పెద్దలు గమనించారు. కవిత్వానికి మూలంలో ఒక రైతు కన్ను ఉన్నదని మా ఊహ.

చాతకం గూడు కట్టుకోదు. ఆరేడు కలిసి నేలమీద ఆకులు ఎగజిమ్ముతూ, ఎప్పుడూ తగాదా పడుతున్నట్టు మాట్లాడుకొనే మట్టిరంగు సిడ పిట్టల గూటిలో గుడ్డు పెట్టి పోతుంది. కోకిల కాకి గూటిలో పెట్టినట్టే. కోకిల మాట వచ్చింది గనుక ఇక్కడే చెబుతాము. ఉగాది నాటి నుండి మామిడి కొమ్మల్లో మనం వినే పాట మగకోకిలది. నల్లగా నిగనిగలాడేది అదే. ఆడకోకిల గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, దానికి ఆ పాట రాదు, "కిక్ కిక్ కిక్" అని అరుస్తుంది. ముప్పై ఏళ్లు తరగతి గదిలో కోకిల పాఠం చెప్పిన మాకు ఆడకోకిలను దగ్గరగా చూచే అవకాశం క్యాంపసులోని ఒక రావిచెట్టు కింద కలిగింది. రావిపండ్లు తింటూ మమ్మల్ని లెక్కచేయలేదు.

మృగశిర, ఆరుద్ర కార్తెలలో ఆ నేల రూపమే వేరు. పది రోజులలో బండల సందుల్లో పచ్చిక లేస్తుంది. నెమళ్లు పురి విప్పే కాలం ఇది. నెమలి నాట్యం గురించి అందరికీ తెలుసు. దాని పొడుగాటి ఈకలు వానలు ముగిసేలోగా వాటంతట అవే రాలిపోతాయని మాత్రం చాలామంది పిల్లలకు తెలియదు. సెప్టెంబరులో చూస్తే మగనెమలి తోక లేక, పెళ్లి బట్టలు విప్పేసిన పెళ్లికొడుకులా ఉంటుంది. మళ్లీ వచ్చే ఎండాకాలానికి కొత్త ఈకలు సిద్ధం. నెమలిని 1963లో జాతీయ పక్షిగా ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి అన్నిటికంటె గట్టి రక్షణ ఇచ్చింది. చట్టం సంగతి దానికేమి తెలుసు! హాస్టలు పెరటిలో ఇడ్లీ ముక్కకోసం కాకులతో పోట్లాడే నెమలిని మేము చూచాము.

వానాకాలంలో మేము ఎక్కువసేపు గడిపినది గిజిగాడి దగ్గర. నీటి ఒడ్డున ఒక తుమ్మచెట్టు. దాని కొమ్మలు నీటి మీదికి వంగి ఉంటాయి. ఆ కొమ్మల చివర ఇరవైకి పైగా గూళ్లు వేలాడేవి. క్యాంపసులో ప్రయోగశాలలు చాలా ఉన్నాయి గాని, ఇంత చవకగా ఇంత చదువు చెప్పే చోటు మరొకటి లేదనిపించింది.

గూడు అల్లేది మగపిట్ట. తలమీద పసుపు టోపీ పెట్టుకున్నట్టు ఉండేది అదే. గడ్డిపరక అంచును ముక్కుతో కొరికి పట్టుకొని, ఎగిరిపోతూ చీలుస్తుంది. పొడుగాటి పీచు వస్తుంది. ఆ పీచుతో ముందు కొమ్మకు ముడి, తరువాత ఉయ్యాల వంటి వలయం, ఆ తరువాత గది. ఒక్క గూటికి ఐదు వందల మార్లు దాకా గడ్డికి పోయి వస్తుందట. గూడు పూర్తి కావడానికి పద్దెనిమిది రోజులు పడుతుంది. ఇందులో విశేషమేమంటే, ఎనిమిది రోజుల పని అయి, గూడు టోపీ ఆకారానికి వచ్చేసరికి మగపిట్ట ఆగిపోతుంది. గూటిని పట్టుకొని రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టలను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి, పీచులు లాగి చూస్తుంది. నచ్చితే ఉంటుంది. అప్పుడు మిగిలిన గది, కిందికి వేలాడే సొరంగం వంటి దారి పూర్తవుతాయి. నచ్చకపోతే ఆ గూడు అంతే. ఆ తుమ్మచెట్టుకు అలా సగంలో వదిలేసినవి మేమే తొమ్మిది లెక్కపెట్టాము. పెళ్లిచూపులకు వచ్చినవారు కట్నం అడగకుండా ఇల్లు గట్టిదా కాదా అని చూచి పోవడం బాగుంది కదా అని మాలో ఒకరు అంటే, ఆ మాట మా అమ్మాయి ఇంటిలో చాలాకాలం నడిచింది.

గూడు లోపల తడిమట్టి ముద్దలు మెత్తి ఉంటాయి. గాలికి గూడు మరీ ఊగిపోకుండా బరువు కోసమని కొందరు అంటారు. మిణుగురు పురుగులను అంటించి దీపాలు పెట్టుకుంటుందన్నది మాత్రం కథే. గిజిగాడి గూటికి ముళ్లచెట్టు కావాలి, కింద నీరు కావాలి, చుట్టూ పొడుగు గడ్డి కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి పోయినా ఆ కాలనీ లేచిపోతుంది. మన ఊళ్లలో బావులు పూడ్చి, వాటి మీదికి వంగిన ఈతచెట్లు కొట్టేసిన చోట గిజిగాళ్లు ఎందుకు కనబడవో ఆ తుమ్మచెట్టు కింద కూర్చుంటే తెలిసిపోతుంది.

అక్కడే మాకు ఆదిలాబాదు వైపు నుండి వచ్చిన ఒక విద్యార్థిని పరిచయమయింది. మెడలో బైనాక్యులర్, చేతిలో ఫోను. చూచిన ప్రతి పిట్టను ఫోనులో లెక్కకు ఎక్కించేది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంవారు నడిపే ఈబర్డ్ అనే పద్దులో ఆ లెక్కలు చేరతాయట. ఫిబ్రవరిలో నాలుగు రోజులు దేశంలోని అనేక కళాశాలలలో ఇలా లెక్కించే పండుగ కూడా ఉన్నది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనబడినవి వినబడినవి అన్నీ వ్రాయాలి. తెలియనిదానిని తెలిసినట్టు వ్రాయకూడదు. ఇంతే నియమం.

ఆ అమ్మాయి కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టను చూపి, "ఆంటీ, వైట్ థ్రోటెడ్ కింగ్‌ఫిషర్" అన్నది.

"లకుముకి పిట్ట కదమ్మా" అన్నాము.

"మా అమ్మమ్మ గూడ గట్లనే అంటది. నేను మర్చిపోయిన" అని నవ్వి, ఆ పేరు ఫోనులో ఇంగ్లీషు పేరు పక్కన వ్రాసుకున్నది. ఆ రోజు నుండి బేరం కుదిరింది. ఆమె మాకు ఇంగ్లీషు పేర్లు, రెక్కల గుర్తులు చెప్పాలి. మేము తెలుగు పేర్లు చెప్పాలి. పాలపిట్ట, కౌజు, పూరేడు, జెముడుకాకి, కూకుడు గువ్వ, వంగపండు, పిగిలిపిట్ట, వడ్రంగి పిట్ట, నీటికాకి. మాకు వచ్చిన పేర్లు నలభై దాటలేదు. ఆ తరువాత కనబడిన చాలా పిట్టలకు ముగ్గురమూ ఇంగ్లీషు పేర్లే వ్రాసుకున్నాము.

దసరా నాటికి పాలపిట్టలు తీగల మీదికి వస్తాయి. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్ట. ఎగిరితే రెక్కలలో రెండు నీలాలు ఒక్కసారి తెరుచుకుంటాయి. ఉమ్మడి రాష్ట్రంలోను, 2014 తరువాత తెలంగాణలోను రాష్ట్ర పక్షి ఇదే. పండుగనాడు దీనిని చూస్తే శుభమని మన తోటి గ్రామస్థులు నమ్ముతారు. పొలం గట్టుకు పోయి చూచి వచ్చినంతకాలం ఏ బాధా లేదు. పట్నాలలో కొందరు దానిని వలవేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో వీధుల వెంట తిప్పి డబ్బులు అడగడం మొదలుపెట్టారు. ఇది చట్టరీత్యా నేరం. మిడతలను, పురుగులను ఏరి తినే పిట్ట రైతుకు చేసే మేలు ఒక్కరోజు దర్శనంతో తీరేది కాదు. పంజరం కనబడితే డబ్బు ఇవ్వకుండా అటవీశాఖవారికి చెప్పండి.

చిత్త, స్వాతి కార్తెల తరువాత పరదేశులు దిగుతారు. నీటి అంచున తోక ఆడిస్తూ పరుగెత్తే జిట్టంగి పిట్టలు ముందుగా వస్తాయి. గులాబిరంగు వీపుతో, నల్లని తలతో ఉండే గోరింకలు అంతకుముందే గుంపులుగా చేరతాయి. జొన్నచేను వేసినవారికి ఇవి బాగా తెలుసు, వడిసెలతో తోలినవారికి ఇంకా బాగా తెలుసు. ఇవి మధ్య ఆసియా దేశాలలో పుట్టి పెరుగుతాయి. అక్కడ మిడతల దండులను తిని బతుకుతాయి గనుక అక్కడి రైతుకు మిత్రులు. ఇక్కడ కంకి మీద వాలతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం మోదుగుపూల మీద, బూరుగుపూల మీద పడి తేనె తాగుతాయి. ఎర్రని పూలమీద గులాబి పిట్టల గుంపు కిచకిచలాడుతుంటే పక్కన మాట వినబడదు.

చలికాలపు తెల్లవారు చెరువు ఒడ్డున చాలా అందంగా ఉంటుంది గాని వర్ణించడం మా వల్ల కాదు. మంచులో ముందు శబ్దాలు వస్తాయి, తరువాత ఆకారాలు. మునుగుడు కోడి బుడుంగున మునిగి ఎక్కడో తేలుతుంది. నీటికాకి రెక్కలు చాపి ఉతికిన బట్టలా ఆరబెట్టుకుంటుంది. తుంగలో ఒకసారి నీలి గొంతు పిట్ట కనబడింది. పిచ్చుకంత ఉన్నది. గొంతుమీద నీలం, నారింజ పట్టీలు. హిమాలయాలకు అవతల నుండి కూడా వస్తాయట ఇవి. అంత చిన్న దేహం ఆ కొండలు దాటి ఈ తుంగపొదకు వచ్చి, మళ్లీ ఏడు ఇదే తావుకు రావాలంటే ఈ తుంగపొద ఇక్కడే ఉండాలి కదా అని మా అమ్మాయి అన్నది. అది సైన్సు మాట. మా నోటుబుక్కులో దానికింద గీత గీసుకున్నాము.

ఇక తీతువు సంగతి. దీనిని ఉత్తిత్తి పిట్ట అని కూడా అంటారు. కంటి దగ్గర ఎర్రని తోలు, పసుపు కాళ్లు, రాత్రింబవళ్లు కేకలు. తీతువు అరిస్తే ఇంటిలో చావు వస్తుందని మన పల్లెలలో ఇప్పటికీ భయపడేవారున్నారు. దేవుని ఎరిగిన కుటుంబాలలో కూడా ఆ భయం పూర్తిగా పోలేదని మేము ఎరుగుదుము. అది ఎందుకు అరుస్తుందో చూడండి. దానికి చెట్టు గూడు లేదు. మార్చి నుండి ఆగస్టు దాకా ఎప్పుడైనా సరే, వట్టినేల మీద కాలితో చిన్న గుంట చేసి, చుట్టూ రాళ్లముక్కలు పెట్టి నాలుగు గుడ్లు పెడుతుంది. సన్నని కొసలు లోపలివైపు తిప్పి సర్దుతుంది. గుడ్ల రంగు అచ్చం మట్టి, గులకరాయి రంగు. నక్క వచ్చినా, కుక్క వచ్చినా, మనిషి వచ్చినా తీతువుకు ఉన్న ఆయుధం అరుపొక్కటే. తల్లి ఒకవైపు, తండ్రి ఒకవైపు అరుస్తూ మన మీదికి దూకుతూ మనల్ని గుడ్లనుండి దూరంగా లాక్కుపోతారు. ఏప్రిల్ ఎండలో నేల కాలిపోతుంటే తల్లి నీటికి పోయి, పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ తడికి గుడ్లు చల్లబడతాయి. ఇంత కాపలా కాసే పిట్టను చావు పిట్ట అనడం న్యాయమా?

దీనికి దాయాది ఒకటి ఉన్నది. కంటి ముందు వేలాడే తోలు దీనికి పసుపు. నెత్తిమీద నల్లటోపీ. నీటి దగ్గర ఉండదు, ఎండిన రాతినేలలు, పొట్టి గడ్డి మైదానాలు దాని ఇల్లు. కంచ నేలకు తగిన పిట్ట. గొంతు కూడా నెమ్మది. దీనికి తెలుగు పేరు మాకు రాలేదు. పసుపు తీతువు అని వ్రాసుకున్నాము.

2025 మార్చిలో జరిగినది పాఠకులు పత్రికలలో చదివే ఉంటారు. విశ్వవిద్యాలయం సరిహద్దులో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమి గురించిన తగాదా పాతది. అది ప్రభుత్వానిదని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది, దానిపై ఒక ప్రైవేటు సంస్థతో నడిచిన దావాలో న్యాయస్థానాలు ప్రభుత్వం పక్షానే తీర్పు ఇచ్చాయి. అభివృద్ధికి, ఉద్యోగాలకు ఆ భూమి కావాలన్నది ప్రభుత్వం వాదన. అక్కడి చెట్లు, కుంటలు, జంతువులు నగరానికి కావాలన్నది విద్యార్థుల వాదన. మార్చి 30 నుండి పెద్ద సంఖ్యలో జేసీబీలు దిగాయి. రాత్రిపూట దీపాల వెలుగులో పని సాగింది. నెమళ్ల అరుపులు వినబడే వీడియోలు దేశమంతటా తిరిగాయి. వాటితోపాటు కంప్యూటరులో కల్పించిన బొమ్మలు కూడా తిరిగాయని ప్రభుత్వం కేసులు పెట్టింది. బొమ్మల సంగతి పక్కన పెడదాము. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాలలో చెట్లు, పొదలు నేలమట్టమయ్యాయని కోర్టుకు నివేదిక అందింది. ఏప్రిల్ 16న, పోయినదానిని తిరిగి ఎలా నిలబెడతారో చెప్పమని కోర్టు రాష్ట్రాన్ని అడిగింది.

భూమి ఎవరి పేరున ఉన్నదన్న వాదంలోకి మేము వెళ్లము. అది న్యాయమూర్తులు చూడవలసినది. మాకు తట్టినది తేదీల సంగతి. మార్చి 30, ఏప్రిల్ 3. తీతువులు నేలమీద గుడ్లు పెట్టి కూర్చునే రోజులవి. కౌజుపిట్ట గడ్డి దుబ్బు కింద గుంట చేసుకొనే రోజులు. చెట్టు మీది పిట్ట చెట్టు కూలేముందు ఎగిరి మరో కొమ్మ చూచుకుంటుంది. గుడ్లమీద కూర్చున్న నేలపిట్ట ఆఖరి నిమిషం దాకా కదలదు. కదలకపోవడమే దాని రక్షణ, నక్క వచ్చినప్పుడు. యంత్రం ముందు అది పనిచేయదు.

జూన్ రెండవ వారంలో మేము మళ్లీ వెళ్లాము. వానలు మొదలయ్యాయి. నడిచే దారిలో చాతకం కూసింది. గిజిగాళ్లు తమ తుమ్మచెట్టుకే వచ్చాయి, రెండు టోపీలు అల్లి ఉన్నాయి. ఆదిలాబాదు అమ్మాయి చదువు ముగించుకొని వెళ్లిపోతూ తన దగ్గరి పిట్టల గొంతులన్నీ మా ఫోనులో వేసి ఇచ్చింది. ఏ గొంతు ఏ పిట్టదో ఇంగ్లీషులో వరుసగా వ్రాసి ఉన్నది. "ఊర్లె పెద్దోళ్లకు వినిపించండి అంకుల్, పేర్లు చెప్తరేమో" అన్నది.

పాఠకులలో ఇలాంటి పని చేయాలనుకొనేవారికి ఖర్చేమీ లేదు. తెల్లవారి ఆరు గంటలకు, మట్టిరంగు బట్టలతో, మాట్లాడకుండా ఒక చెట్టు కింద అరగంట కూర్చుంటే చాలు. పిల్లలను తీసుకుపోతే ఇంకా మంచిది, వాళ్ల చెవులు మనకంటె చురుకు. గూడు కనబడితే దగ్గరికి పోవద్దు. మనం పోయిన దారి చూచి కాకి పోతుంది.

ఊరికి రాగానే మా చిన్నమ్మ దగ్గరికి వెళ్లాము. ఎనభై దాటింది. చూపు తగ్గింది గాని వినికిడి గట్టిగానే ఉన్నది. చిన్నప్పుడు మేకలు కాసిన మనిషి. వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి, ఫోను చెవి దగ్గర పెట్టి ఒక్కొక్క గొంతు వినిపించాము. ఇంగ్లీషు పేరు మేము చదువుకోవడం, తెలుగు పేరు ఆమె చెప్పడం. ఆమెకు ఆలోచించవలసిన పని కూడా లేకపోయింది. "కౌజు." "పూరేడు." "గిది జెముడుకాకి, గుడ్లు తింటది దొంగది." ఇరవై ఆరు గొంతులలో ఇరవై మూడింటికి పేరు చెప్పింది. మేము వ్రాసుకుంటూ పోయాము.

పసుపు తీతువు గొంతు వచ్చినప్పుడు మాత్రం ఫోను చేత్తో పట్టుకొని, మళ్లీ పెట్టమన్నది. మూడుసార్లు విన్నది.

"చితవ" అన్నది. "మన కంచల ఉంటుండె. గొర్లను తోలుకపోతె కాళ్లల్ల వడి అరుస్తుండె. కంచ దున్ని ప్లాట్లు జేసినంక ఇన్లే. ఇది ఏడ దొరికింది బిడ్డా మీకు?"